డైస్ వారికి విజయవాడ నుంచి బహిరంగ లేఖ: మీ గేమ్‌లోని మా రావు గారికి పనేమీ ఇవ్వలేదేంటండీ?

బ్యాటిల్‌ఫీల్డ్ అనే యుద్ధం వీడియో గేమ్‌లు తయారుచేసే డైస్ స్టూడియో వాళ్లకీ, వాళ్ల పైనున్న ఈఏ కంపెనీ పెద్దలకీ,

నమస్కారం అండి. మీ 'బ్యాటిల్‌ఫీల్డ్ 2042' 2021 నవంబర్ 19న విడుదలైనప్పటి నుంచి దాన్ని తిట్టినవాళ్లకు లెక్కలేదు, డబ్బులు వెనక్కివ్వమని ఆన్‌లైన్‌లో పెట్టిన పిటిషన్ మీద 2 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు, అవన్నీ మీరు చూసే ఉంటారు కాబట్టి మళ్లీ అదే పాట పాడటానికి రాయట్లేదు. ఇప్పుడెందుకు రాస్తున్నావంటారా? ఆ గేమ్ ఇంకా నా కంప్యూటర్‌లోనే ఉంది. అప్పుడప్పుడూ తెరుస్తాను. తెరిచిన ప్రతిసారీ ముందు ఆహా అనిపిస్తుంది, కాసేపటికి ఒళ్లు మండుతుంది. పూర్తిగా చెత్త గేమ్ అయితే ఎప్పుడో డిలీట్ చేసి ఊరుకునేవాణ్ణి.

ముందు ఆ ఆహా సంగతి చెప్తాను. మాది విజయవాడ, ఆటోనగర్ పక్కన. లారీ బాడీలు కట్టే షెడ్లు, పాత బండ్లు విప్పి పార్టు పార్టుగా అమ్మే కొట్లు, పొద్దున్నుంచి రాత్రి దాకా వెల్డింగ్ మెరుపులు, గ్యాస్ కటింగ్ వాసన, వీటి మధ్యే పెరిగాను. అందుకని తుప్పు విషయంలో నన్ను మోసం చేయడం కష్టం. చాలా గేమ్‌లలో తుప్పు అంటే గోధుమరంగు పెయింట్ పూసేసి వదిలేస్తారు. మీ 'డిస్కార్డెడ్' మ్యాప్‌లో (మ్యాప్ అంటే గేమ్‌లో యుద్ధం జరిగే చోటు) అలా కాదు. ఇసుక మీదకు ఎక్కిన ఆ పెద్ద ఓడలు, సగం కోసేసి వదిలేసిన రేకులు, లోపలి అంతస్తులు బయటపడి కనిపించడం, వాన పడ్డప్పుడు ఆ ఇనుము మీద వచ్చే నల్లటి తడి మెరుపు, ఇవన్నీ ఎవరో దగ్గర కూర్చుని చూసి చేసిన పనిలా ఉంటుంది. మొదటిసారి ఆ ఓడ కింద నిలబడి పైకి చూసినప్పుడు శత్రువు కాల్చేస్తాడన్న ధ్యాస కూడా లేదు నాకు. ఆ బొమ్మలు వేసిన ఆర్టిస్టులకు, లైటింగ్ చేసినవాళ్లకు, ఉరుముల శబ్దాలు కట్టినవాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. (మే నెలలో, రోహిణి కార్తెలో, మా గదిలో ఆ గేమ్ నడిపితే గ్రాఫిక్స్ కార్డు ఇంకో హీటర్ అవుతుంది, అది వేరే విషయం, అందులో మీ తప్పు లేదు, సూర్యుడిది.)

ఆ మ్యాప్ మన దేశంలోదే అని తెలిశాక ఇంకా సంబరపడ్డాను. అలాంగ్. గుజరాత్, భావ్‌నగర్ జిల్లా. ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడల తుక్కు యార్డుల్లో ఒకటి, 1983 నుంచి నడుస్తోంది. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ, పది మీటర్ల దాకా వెళ్తుంది. అందుకే అక్కడికి ఓడలు తెస్తారు. పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడను పూర్తి వేగంతో ఒడ్డు మీదకు తోలేస్తారు, నీళ్లు వెనక్కి పోగానే అది బురదలో కూర్చుండిపోతుంది, ఇక ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు గ్యాస్ కట్టర్లు పట్టుకుని ముక్కలు ముక్కలుగా కోస్తారు. ఓడలోంచి తీసిన మంచాలు, కుర్చీలు, వంటింటి సామాన్లు అమ్మే కొట్లు ఆ రోడ్డు పొడుగునా ఉంటాయి. ఇంత ముడిసరుకు ఉన్న చోటు షూటర్ గేమ్‌కి దొరకడం మామూలు అదృష్టమా చెప్పండి! నిప్పురవ్వలు, తాళ్లు, క్రేన్లు, ఏ క్షణాన ఏ రేకు ఊడి పడుతుందో తెలియని ఓడలు, రోజుకు రెండుసార్లు ముందుకొచ్చి వెనక్కిపోయే సముద్రం.

మరి వీటిలో మీరు వాడుకున్నదెంత? ఓడ నిలబడి ఉంటుంది, ఇసుక పరిచి ఉంటుంది, నేను పరుగెత్తుతుంటాను. ట్యాంకుతో ఆ ఓడను ఎంత కొట్టినా అది చలించదు. సగం కోసిన ఓడ అది, అసలు దాని బతుకే విరిగిపోవడం కోసం, అయినా గుండు తగిలిన చోట నల్లమచ్చ తప్ప ఇంకేమీ మిగలదు. చేతకాక అనుకుందామా అంటే, 2010లో ఇదే సిరీస్‌లోని 'బ్యాడ్ కంపెనీ 2' గేమ్‌లో ఇల్లు ఇల్లంతా కూలిపోయేలా చేసింది మీరే. పై అంతస్తులో స్నైపర్ నక్కి కూర్చుంటే ఆ గదినే లేపేసేవాళ్లం. 2013లో 'బ్యాటిల్‌ఫీల్డ్ 4'లో షాంఘై నడిబొడ్డున ఆకాశహర్మ్యాన్ని నేలకూల్చింది కూడా మీరే. పదేళ్ల పాత కంప్యూటర్ల మీద చేసిన పని కొత్త కంప్యూటర్ల మీద ఎందుకు మానేశారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నీళ్ల సంగతి ఇంకా బాధ. అదే బ్యాటిల్‌ఫీల్డ్ 4లో 'ఫ్లడ్ జోన్' అని ఒక మ్యాప్ ఉండేది కదా, కరకట్ట తెగగానే వీధుల్లోకి నీళ్లొచ్చేవి, అప్పటిదాకా ట్యాంకులు తిరిగిన దారిలో పడవలు తిరిగేవి, యుద్ధమంతా డాబాల మీదకు ఎక్కేది. ఆడుతున్నప్పుడు అదొక సరదా అంతే. తర్వాత 2024 సెప్టెంబర్ మొదట్లో మా ఊళ్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ వైపు మునిగిపోయింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద, పైనుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల దగ్గర గుద్దుకుని కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. నీళ్లు ఊరిని ఎలా మార్చేస్తాయో అప్పుడు చూశాం. కళ్లు మూసుకుని నడిచే వీధిలో ఎక్కడ రోడ్డు, ఎక్కడ కాలవ అన్నది తెలియదు. మొదటి అంతస్తే గుమ్మం అయిపోతుంది. పాలప్యాకెట్ తేవాలన్నా పడవ కావాలి. ఆ తర్వాత మీ పాత ఫ్లడ్ జోన్ గుర్తొచ్చి, అబ్బా వీళ్లు 2013లోనే దీన్ని సరిగ్గా పట్టుకున్నారే అనిపించింది. నీళ్లు వస్తే చూసే దృశ్యమే కాదు, చేసే పనులూ మారిపోతాయి, ఆ మ్యాప్‌లో ఆ సంగతి ఉంది. మరి ఆటుపోట్ల వల్లనే పుట్టిన అలాంగ్‌ని మీ చేతికిస్తే, పోటు వచ్చినప్పుడు ఇసుక దారి మూసుకుపోవడం, నీళ్లు తగ్గినప్పుడు ఓడ అడుగునుంచి కొత్త దారి తెరుచుకోవడం, ఇంత తేలికైన ఆలోచన ఎవరికీ రాలేదా అండి? తుపాను పెట్టారు, సుడిగాలి పెట్టారు. సుడిగాలి నిజంగా బాగుంటుంది, దాంట్లో దూరి గాల్లోకి లేచి పారాషూట్ విప్పుకుంటే కొత్తల్లో పిల్లాడిలా నవ్వుకున్నాను. కానీ అది వచ్చి వెళ్లాక మ్యాప్ ఎలా ఉండేదో అలాగే ఉంటుంది. దివిసీమ తుపాను సంగతులు వింటూ పెరిగిన కృష్ణా జిల్లా వాళ్లకు గాలివాన వచ్చిపోయాక ఏమీ మారలేదంటే నమ్మబుద్ధి కాదు.

ఇక రావు గారు.

నవీన్ రావు. మీ గేమ్‌లో ఆటగాళ్లు ఎంచుకునే పాత్రల్ని స్పెషలిస్టులంటారు, పది మందితో మొదలుపెట్టారు, అందులో మనదేశం వాడు ఈయన. హ్యాకింగ్ చేస్తాడు, శత్రువుల ట్యాంకుల్ని, హెలికాప్టర్లని ఆగం చేస్తాడు. ఆ పేరు చూడగానే మా వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ, రావు అంటే మనోడే అని ఒకడు, కాదు కన్నడిగుడు అయ్యుండొచ్చు అని ఇంకొకడు, మరాఠీ వాళ్లలో కూడా రావులుంటారని మూడోవాడు. తేల్చుకుందామని గేమ్‌లో వెతికితే ఏముంది, నాలుగు ముక్కల పరిచయం, అంతే. కథే లేదు కదా మరి! ఒక్కడే కూర్చుని ఆడుకునే కథ, అదే సింగిల్ ప్లేయర్ క్యాంపెయిన్, పూర్తిగా ఎత్తేశారు. మీరు రాసుకున్న ప్రపంచం మాత్రం ఎంత పెద్దది! ఉపగ్రహాలు కూలిపోయి 2040లో ప్రపంచమంతా చీకటి, దేశాలు కుప్పకూలి కోట్ల మంది ఏ దేశానికీ చెందనివాళ్లు అయిపోవడం, వాళ్లను నో-ప్యాట్స్ అని పిలవడం, చివరికి అమెరికా, రష్యా కొట్టుకుంటుంటే బతుకుతెరువు కోసం వీళ్లు చెరో వైపు చేరి పోరాడటం. ఊరు లేనివాడు ఎవరి కోసం చస్తాడు అన్న ప్రశ్న అందులోనే ఉంది. దాన్ని 2021 ఆగస్టులో 'ఎక్సోడస్' అనే చిన్న సినిమాలో కాస్త చూపించారు, మైఖేల్ కె. విలియమ్స్ ఐరిష్ పాత్రలో ఎంత బాగా చేశాడో, పాపం ఆ మరుసటి నెలలోనే చనిపోయాడు. ఆ కొన్ని నిమిషాల సినిమాలో ఉన్న బరువు మిగతా గేమ్ మొత్తంలో లేదు.

పైగా రెండు జట్లకూ అవే పది ముఖాలు. ఇటు నేను రావు, అటు వచ్చేవాడూ రావు, మధ్యలో దూకినవాడూ రావు. రావును రావు కాల్చేస్తే పక్కనుంచి ఇంకో రావు వచ్చి ఆ రావును లేపుతాడు. ఎవరు మనవాడో, ఎవరు పరాయివాడో తల మీద రంగు చుక్క చూసి తెలుసుకోవాల్సిందే. యుద్ధంలో అందరూ చచ్చిపోయాక, రౌండ్ చివర్లో మళ్లీ వీళ్లే వచ్చి కాలేజీ డే ఫంక్షన్‌లో లాగా ఒక జోకు వేసేవాళ్లు. జనం నవ్విపోయాక ఆ మాటలు తర్వాత మార్చారనుకోండి.

అసలు నా కోపమంతా దీని దగ్గరే మొదలైంది, కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. నాకు గుంటూరులో ఒక మిత్రుడున్నాడు, బ్రోడీపేటలో నెట్ సెంటర్లు కళకళలాడే రోజుల నుంచీ కలిసి ఆడుతున్నాం. వాడికి గురి లేదు. ఎదురుగా నిలబడ్డ వాణ్ణి కూడా కొట్టలేడు. అయినా బ్యాటిల్‌ఫీల్డ్ 3, 4 ఆడే రోజుల్లో స్కోర్‌బోర్డులో తరచూ మాకంటే పైన ఉండేది వాడే. ఎందుకంటే వాడు మెడిక్. తుపాకీ మాకొదిలేసి, గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ పట్టుకుని, గుళ్లవానలో పాక్కుంటూ వచ్చి పడిపోయిన మమ్మల్ని లేపేవాడు. ఒకడు ఇంజనీర్, ట్యాంకు బాగుచేస్తాడు. ఒకడు సపోర్ట్, తూటాలు పంచుతాడు. ఒకడు రీకాన్, దూరం నుంచి చూసి చెప్తాడు. ఒకడి దగ్గర ఉన్నది ఇంకొకడి దగ్గర ఉండదు కాబట్టి ఒకడికొకడు కావాలి. ఇంత చిన్న ఏర్పాటు మీద మీ సిరీస్ మొత్తం నిలబడింది. 2042లో దాన్ని తీసేశారు. మెడికల్ క్రేట్ ఎవరైనా పట్టుకుపోవచ్చు, రాకెట్ లాంచర్ ఎవరైనా తీసుకోవచ్చు, స్నైపర్ ఎవరికైనా సరే. అన్నీ అందరికీ ఇస్తే స్వేచ్ఛ అనుకున్నారేమో. జరిగింది ఏంటంటే, అందరూ తమకు పనికొచ్చేదే తీసుకున్నారు, పక్కవాడికి పనికొచ్చేది మోసేవాడు లేకుండా పోయాడు. మా వాడు వచ్చిన కొత్తల్లో కాసేపు ఆడి, "మామా, ఇందులో నా పనేంట్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, మళ్లీ వాడు బ్యాటిల్‌ఫీల్డ్ 4కే వెళ్లిపోయాడు.

దానికి తోడు ఒక్కో మ్యాచ్‌లో 128 మంది. పోస్టర్ మీద వేసుకోవడానికి గొప్ప అంకె. 64 మందికి రెట్టింపు అంటే సరదా కూడా రెట్టింపు అవుతుందని లెక్కేసినట్టున్నారు, కానీ మనుషులు పెరిగారని మ్యాప్‌ను అంతకంటే పెద్దది చేసేశారు. ఆదివారం పొద్దున్న పెద్ద గ్రౌండులో పదిమందే క్రికెట్ ఆడితే ఎలా ఉంటుందో తెలుసా, ఆట కంటే బంతి కోసం పరుగే ఎక్కువ. మీ 'అవర్‌గ్లాస్' మ్యాప్ దోహాలోది, దూరంగా మెరిసే టవర్లు, వాటి మీద ఇసుక తుపాను, చూస్తుంటే కళ్లు చెదురుతాయి. ఆడుతుంటే మాత్రం ఒక జెండా నుంచి ఇంకో జెండాకు ఎడారిలో నడక, నడక, ఎక్కణ్ణుంచో ఒక గుండు, మళ్లీ మొదటి నుంచి నడక. దాక్కోవడానికి గోడలేదు. 'కెలైడోస్కోప్'లోనూ ఇదే గోల, అంత అందమైన కొరియా నగరం మధ్యలో లాన్ మీద పరుగెత్తడం. అందమంతా దూరంలో ఉంటుంది, నేను మాత్రం దగ్గర్లో ఖాళీలో ఉంటాను. 2022లో బ్రేక్‌త్రూ అనే ఆట పద్ధతిలో 128ని తీసేసి 64కే తెచ్చారు, అంటే విషయం మీకూ అర్థమైనట్టే.

మాట్లాడుకుందామంటే విడుదలప్పుడు వాయిస్ చాట్ లేదు, అది 2022 ఏప్రిల్‌లో గానీ రాలేదు. మామూలు స్కోర్‌బోర్డ్ కూడా లేదు, తర్వాత పెట్టారు. ఎవడికెంత వచ్చిందో కనపడకపోతే ఎలా అండి, ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మేము. హజార్డ్ జోన్ అని ఇంకో ఆట పద్ధతి పెట్టారు, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, మీరే వదిలేశారు.

అదే గేమ్‌లోని పోర్టల్ అనే భాగం గురించి మాత్రం రెండు మంచి మాటలు చెప్పాలి. బ్యాటిల్‌ఫీల్డ్ 1942, బ్యాడ్ కంపెనీ 2, బ్యాటిల్‌ఫీల్డ్ 3 గేమ్‌ల నుంచి పాత మ్యాప్‌లు తెచ్చి, కొత్త బొమ్మలు తొడిగి, నియమాలు మీరే రాసుకోండి అన్నారు. అరికా హార్బర్, కాస్పియన్ బోర్డర్ కొత్త వెలుతురులో చూస్తే కన్నీళ్లొచ్చినంత పని అయింది. కానీ ఒక్కసారి ఆలోచించండి, మీ కొత్త గేమ్‌లో నాకు బాగా నచ్చిన భాగం మీ పాత గేములే. కొత్త బొమ్మ, పాత ఆట కలిస్తే ఎంత బాగుంటుందో మీరే పక్క గదిలో చూపించి, ముందు గదిలో మాత్రం దానికి తిరకాసుగా చేశారు. 2021 జూన్ ట్రైలర్‌లో కూడా అంతే. విమానంలోంచి దూకి, గాల్లోనే రాకెట్ లాంచర్‌తో వెనకొచ్చే విమానాన్ని కొట్టి, మళ్లీ తన విమానంలో కూర్చునే ఆ విన్యాసం బ్యాటిల్‌ఫీల్డ్ 3 రోజుల్లో ఆటగాళ్లు సొంతంగా కనిపెట్టింది. అది మీకు గుర్తుంది. అలాంటి పిచ్చి పనులు చేసుకోవడానికి ఆటగాళ్లకు ఏమేం కావాలో అది గుర్తులేదు.

మీరు తర్వాత చేసిన మరమ్మతు నేను కాదనను. ఈఏ పెద్ద ఆండ్రూ విల్సన్ 2022 ఫిబ్రవరిలోనే విడుదల అనుకున్నట్టు జరగలేదని ఒప్పుకున్నారు. ఒక్కో మ్యాప్‌నీ తిరగదోడి గోడలు, కందకాలు, శిథిలాలు పెట్టారు. 2023 మొదట్లో క్లాసుల్ని, అంటే ఇంజనీర్, సపోర్ట్, రీకాన్ లాంటి ఆ పాత పని విభజనని, వెనక్కి తెచ్చారు. 2025 అక్టోబర్ 10న వచ్చిన 'బ్యాటిల్‌ఫీల్డ్ 6'లో నాలుగు క్లాసులూ ఉన్నాయి, క్యాంపెయిన్ ఉంది, 64 మందే, గోడలు కూలుతున్నాయి. సంతోషం. గుంటూరు మెడిక్ కూడా వచ్చేశాడు, ఇప్పుడు మళ్లీ నా మీద పైన ఉంటున్నాడు, అది అంత సంతోషం కాదు. కానీ పాత గేమ్ చేసిన తప్పులతో పాటు దాని ఊళ్లను కూడా మూట కట్టి అటక మీద పడేస్తారేమోనని నా భయం. ఇప్పుడు మీరు కైరో తిరుగుతున్నారు, జిబ్రాల్టర్, బ్రూక్లిన్, తజికిస్తాన్ తిరుగుతున్నారు. అలాంగ్ ఎక్కడికి పోయింది? అంత కష్టపడి కట్టిన ఓడలు, అంత ఓపిగ్గా పట్టించిన తుప్పు, ఏ సర్వర్ మూలో పడి ఉండాల్సిందేనా?

అందుకని నేను అడిగేవి రెండే. ఒకటి, నవీన్ రావుకు ఎప్పుడైనా ఒక్క మిషన్ ఇవ్వండి, పెద్దదేం వద్దు, వాడెవరో, ఏ ఊరివాడో, ఇల్లు వదిలి ఆ సముద్రపు ఒడ్డుకు ఎందుకొచ్చాడో తెలిసేలా గంటసేపు కథ చాలు, తెలుగువాడు కాకపోయినా ఏమీ అనుకోం. ఆ మిషన్‌లో గ్యాస్ కట్టర్ పట్టుకున్న మనుషులు కూడా కనపడాలి, అలాంగ్ అంటే ఓడలొక్కటే కాదు.

రెండోది ఇంకా తేలిక, దీనికి మీరు కొత్తగా చేయాల్సింది కూడా ఏమీ లేదు. ఆరో గేమ్ పోర్టల్‌లో మ్యాప్‌లు మార్చుకునే పనిముట్లు ఆటగాళ్ల చేతికిచ్చారు కదా, ఆ డిస్కార్డెడ్ ఓడలు, రేకులు, ఇసుక, క్రేన్లు అన్నీ అందులోకి పంపించేయండి. పైకీ కిందకీ కదిపే నీళ్లు కూడా ఒకటి ఇవ్వండి. మ్యాప్ మేమే కట్టుకుంటాం. పోటు ఎన్ని నిమిషాలకోసారి రావాలన్న దాని మీద మా గ్రూపులో ఇప్పటికే గొడవ మొదలైంది, అది మేం మేం కొట్టుకుని తేల్చుకుంటాం.

ఇట్లు,
ఆటోనగర్ నుంచి ఒక ఇంజనీర్ క్లాస్ ఆటగాడు, విజయవాడ